విశాఖలో రైలు వెనక్కి ఎందుకు వెళ్తుంది?

స్టేషన్ నిర్మాణమే కారణమండీ. అటు దువ్వాడ లైను, ఇటు విజయనగరం లైను, రెండూ ఒకే వైపు నుంచి లోపలికొస్తాయి. అందుకే కోరమాండల్ లాంటి బళ్లకు ఇక్కడ ఇంజిన్‌ను రెండో చివర తగిలిస్తారు. టీ తాగి వచ్చి కూర్చునేసరికి కిటికీలో ఊరు ఎదురు దిశలో కదులుతుంది. కొత్తవాళ్లకు టెన్షనే!

ఇది 1890ల నాటి ఈస్ట్ కోస్ట్ లైను. 1901లో దక్షిణ భాగం మద్రాస్ రైల్వేకి, 1902లో ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి వెళ్లాయి. రెండింటికీ హద్దు ఈ స్టేషనే. అప్పటి పేరు వాల్తేరు. పెద్దవాళ్ల నోట ఆ పేరు వింటే నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

ఊళ్లోకి రాని బళ్లు దువ్వాడ నుంచి బైపాస్‌లో సింహాచలం నార్త్ వైపు వెళ్లిపోతాయి. టికెట్ తీసేటప్పుడు అది చూసుకోండి.