గడ్డ పోయింది, వైరస్ ఉంది: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ప్రశ్న: మా నాయినకు 58 ఏండ్లు. హెపటైటిస్-బి ఉంది. లివర్‌లో క్యాన్సర్ గడ్డ పడితే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి తీసేసిన్రు. ఎనిమిది నెలలైంది. రోజూ టెనోఫోవిర్ గోలీ వేసుకుంటున్నడు. మొన్నటి రక్త పరీక్షలో వైరస్ కనిపించలేదన్నరు. ఇక గోలీలు బంద్ చేయొచ్చా? గడ్డ మళ్లీ వస్తుందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: గోలీ ఆపకండి. 'కనిపించలేదు' అంటే వైరస్ పరీక్షకు అందనంత తగ్గిందని మాత్రమే అర్థం. దాని డీఎన్‌ఏ కాలేయ కణాల కేంద్రకంలో అలాగే ఉంటుంది. టెనోఫోవిర్ అయినా ఎంటెకవిర్ అయినా కొత్త వైరస్ తయారీని ఆపుతుందే గాని, ఆ దాగినదాన్ని తుడిచెయ్యలేదు. మందు మానేస్తే వారాల్లోనో నెలల్లోనో వైరస్ మళ్లీ లేస్తుంది. ఇప్పటికే కొంత భాగం కోసేసిన లివర్ ఆ దెబ్బకు తట్టుకోలేక కామెర్లు, పొట్టలో నీరు, ప్రాణాపాయం దాకా పోవచ్చు. గడ్డ తీసినవాళ్లకు ఈ మందు సాధారణంగా జీవితాంతం.

గడ్డ మళ్లీ రావచ్చు. ఐదేళ్లలో 70 శాతం దాకా మందికి తిరిగి వస్తుంది కాబట్టి దీన్ని దాచి చెప్పడం మంచిది కాదు. మొదటి రెండేళ్లలో వచ్చేవి ఎక్కువగా ఆపరేషన్‌కు ముందే రక్తనాళాల్లోకి జారిన కణాల వల్ల. ముక్క పరీక్ష రిపోర్టులో రక్తనాళాల్లోకి పాకినట్టు ఉందా, గడ్డలు ఎన్ని, ఎంత పెద్దవి అన్నది డాక్టర్‌ను అడగండి. రెండేళ్లు దాటాక వచ్చేవి చాలావరకు కొత్త గడ్డలు. వైరస్‌తో గట్టిపడిన అదే లివర్‌లో పుడతాయి. గోలీ ఎక్కువ కాపాడేది వీటి నుంచే.

అందుకని మొదటి రెండేళ్లు 3–4 నెలలకోసారి మూడు దశల సీటీ స్కాన్ గాని ఎంఆర్‌ఐ గాని, దాంతోపాటు ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో పెరిగే ఒక ప్రొటీన్) రక్త పరీక్ష. తర్వాత ఆరు నెలలకోసారి. ఏఎఫ్‌పీ మామూలుగా ఉన్నా గడ్డ ఉండొచ్చు, కాబట్టి ఖర్చు తగ్గుతుందని స్కాన్ మానకండి. మామూలు అల్ట్రాసౌండ్ ఒక్కటే ఈ రెండేళ్లలో చాలదు. వైరస్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్నది), ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 3–6 నెలలకోసారి చూడాలి.

టెనోఫోవిర్ 300 మి.గ్రా. రోజూ ఒకే వేళకు. మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేయండి, మర్నాడు రెండు కలిపి వద్దు. డబ్బాలో పది గోలీలు మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చుకోండి. ఈ మందు కిడ్నీలనూ ఎముకలనూ ఇబ్బంది పెట్టొచ్చు. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), ఫాస్ఫేట్ చూపిస్తుండాలి. సీటీకి ముందు క్రియాటినిన్ తప్పనిసరి. మీ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు దెబ్బతిన్నవాళ్లు ఎక్కువ. నాయినకు ఆ బాధ ఉంటే డాక్టర్‌కు చెప్పండి, ఎంటెకవిర్‌కో, టెనోఫోవిర్‌లోనే మరో రకమైన టెనోఫోవిర్ అలఫెనమైడ్‌కో మార్చే వీలుంది. ఎంటెకవిర్ అయితే తిన్న రెండు గంటల తర్వాత వేసుకుని, మరో రెండు గంటలు ఏమీ తినకూడదు.

నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనొద్దు. పారాసెటమాల్ అయినా రోజుకు 2 గ్రాములు దాటొద్దు. పసిరికలకని పసరు మందు తాగించడం, చేతికి వాతలు పెట్టించడం అసలే వద్దు.

జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018లో మొదలైంది. అందులో ఈ గోలీలు ఉచితం. జిల్లా కేంద్రంలోని సర్కారు దవాఖానలో అడగండి.

ప్రశ్న: ఇంట్లో ఒకరికి హెపటైటిస్-బి ఉంటే కంచాలు వేరు పెట్టాలా? కోడలు గర్భిణి.
– ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: అవసరం లేదు. కలిసి తినడంతో, ముట్టుకోవడంతో రాదు. రక్తం, సూదులు, బ్లేడ్లు, లైంగిక సంబంధం, తల్లి నుంచి బిడ్డకు: దారులు ఇవే. ఇంట్లో అందరికీ హెచ్‌బీఎస్ యాంటిజెన్ (వైరస్ ఉందా అని చెప్పేది) పరీక్షతో పాటు యాంటీబాడీల పరీక్ష కూడా చేయించి, రక్షణ లేనివాళ్లకు టీకా మూడు డోసులు (మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది) వేయించండి. కోడలికి పాజిటివ్ వస్తే వైరస్ లోడ్ చూసి, మిల్లీలీటర్‌కు 2 లక్షల యూనిట్లు దాటితే నెలలు నిండేలోపే మందు మొదలెడతారు. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకా, వీలైతే 12 గంటల్లోపే ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) పడాలి. కాన్పు ఎక్కడ చేయిస్తున్నారో అక్కడ ఈ రెండూ ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

ప్రశ్న: లివర్ ఆపరేషన్ అయినవాళ్లు పల్లీలు తినొచ్చా? కల్లు?
– ఒక రైతు, వనపర్తి

జవాబు: మంచి పల్లీలు తినొచ్చు. బూజు పట్టినవి, ముడతలు పడి రంగు మారినవి వద్దు. ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. హెపటైటిస్-బి ఉన్నవాళ్లలో అది లివర్ క్యాన్సర్ ప్రమాదాన్ని చాలా రెట్లు పెంచుతుంది. వేయిస్తే పూర్తిగా పోదు. కాయ ఊపితే గింజ గలగలమనేదాకా ఎండబెట్టాకే సంచులకెత్తండి, తడి నేల మీద పెట్టకండి. ఏరి పారేసిన బూజు గింజలను గానుగకూ పంపకండి, బర్రెలకూ పెట్టకండి. కల్లు, సారా ఏదైనా ఒక్క గ్లాసు కూడా వద్దు.