అల్లుడూ, ఆ 17 చూసి మురిసిపోకు

చిరంజీవి కిట్టూకి, మావయ్య ఆశీస్సులు.

స్ట్రాట్-ఓ-మాటిక్ బేస్‌బాల్ లీగ్ పెడుతున్నావనీ, శనివారమే డ్రాఫ్ట్, అంటే ఆటగాళ్ల కార్డులు ఎంచుకోవడం అనీ మీ అమ్మ చెప్పింది. 1961 నాటి ఆటని, కార్డులూ పాచికలతో, నీ వయసువాడు పట్టుకున్నాడంటే ముచ్చటేసింది. కానీ జట్టు నిండా వేగంగా పరిగెత్తేవాళ్లే అన్నావట. అక్కడ నా గుండె గుభేలుమంది.

రూల్స్ చదవడం, కార్డులు జట్ల వారీగా సర్దుకోవడం నీకు వేరే చెప్పాలా!

కార్డు మీద కాళ్ల సత్తా రెండుచోట్ల ఉంటుంది. రన్నింగ్‌కి అంకె, 1-8 నుంచి 1-17 దాకా. స్టీలింగ్‌కి, అంటే బంతిని ఎవరూ కొట్టకుండానే తర్వాతి బేస్‌కి దూకెయ్యడానికి, అక్షరం, అన్నిటికన్నా మేలైన ఏఏఏ నుంచి ఈ దాకా. ఒకటి చూసి రెండోది ఊహించకు. సింగిల్ పడ్డప్పుడు, అంటే బ్యాటర్ కొట్టి మొదటి బేస్ చేరినప్పుడు, రెండో బేస్‌వాణ్ణి రన్ కోసం హోమ్‌కి పంపాలంటే రన్నింగ్ అంకెకి అవుట్‌ఫీల్డర్ ఆర్మ్ (దూరం నుంచి బంతి విసిరేవాడి చేతి అంకె) కలిపి, 20 ముఖాల పాచిక వేస్తావు. వచ్చిన అంకెలోపు పడితే సేఫ్. మైనస్ అంటే బలహీనమైన చెయ్యి కాదురా, గట్టి చెయ్యి. 1-15 వాడికి ఎదురుగా -3 ఉంటే 1-12, అంటే నూటికి 60. ఇద్దరు అవుటయ్యాక 2 కలుస్తుంది, 70. ఒక్కడూ అవుట్ కాకముందే 60కి పరిగెత్తించావో, చెవి మెలేస్తా. అవతల +2 ఉంటే మాత్రం పంపేయ్.

ఇక నా అసలు భయం. 1974లో ఓక్లాండ్ బేస్‌బాల్ జట్టు యజమాని చార్లీ ఫిన్లీ హెర్బ్ వాషింగ్టన్ అనే స్ప్రింటర్ని కేవలం పరుగు కోసం జట్టులోకి తెచ్చాడు. ఒక్కసారీ బ్యాట్ పట్టలేదు. ఆ ఏడు 29 బేస్‌లు స్టీల్ చేశాడు, 16 సార్లు దొరికిపోయాడు. నూటికి 64. రెండో బేస్ స్టీల్ గిట్టుబాటు కావాలంటే 70 దాటాలి. ట్రాక్ మీద తుపాకీ మోగితే పరుగు. ఇక్కడ పిచ్చర్ (బంతి వేసేవాడు) మడమ, భుజం చూసి కదలాలి. ఆ ఏటి ఫైనల్, వరల్డ్ సిరీస్ రెండో ఆట, తొమ్మిదో ఇన్నింగ్, తేడా ఒక్క రన్. మొదటి బేస్ మీద నిలబడ్డ వాషింగ్టన్‌ని అవతలి పిచ్చర్ మైక్ మార్షల్ బేస్‌కి బంతి విసిరి అవుట్ చేసేశాడు. సిరీస్ ఓక్లాండ్‌దే అయింది, ఆ ఆట మాత్రం పోయింది.

కాబట్టి రన్నింగ్ 17 ఉండి స్టీలింగ్ అక్షరం డీ ఉన్నవాణ్ణి డ్రాఫ్ట్‌లో వదలకు, కానీ స్టీల్‌కి పంపకు. ఎనిమిదో ఇన్నింగ్‌లో రెండో బేస్ మీద నెమ్మది కాళ్లవాడు ఉంటే, వాడి బదులు ఈ 17 వాణ్ణి దింపు.

డ్రాఫ్ట్ రాత్రి అన్నం మానెయ్యకు, నాయనా. జాబితా పంపేటప్పుడు క్యాచర్ ఎవరో, వాడి ఆర్మ్ ఎంతో ముందు రాయి. అవతలివాళ్లూ స్టీల్ చేస్తారుగా, విసిరి ఆపాల్సింది వాడే.

మీ మావయ్య