జావా చేపని నాగావళిలో వదలకు

బాబూ,

నీ వ్యాసం చదివాను. మీ నాన్నమ్మ మార్పు చేపలకి బూడిద రాసి జిగురు తీసే చోటు బాగుంది, ఒక్క మాట కూడా మార్చకు. రెండో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది. మీ చెరువులో పడ్డ మార్పు, జెల్ల, వాలుగ మూడింటినీ 'క్యాట్‌ఫిష్' అని ఒక్క ముక్కలో తేల్చేసి, పక్కన క్లారియస్ బాట్రాకస్ అని శాస్త్రీయ నామం తగిలించావు. పాత పాఠ్యపుస్తకాల్లో అలాగే ఉండేదిలే. కానీ జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ 1758లో పెట్టిన ఆ పేరు జావా చేపది. మన మార్పుని ఇక్కడి చేపల్ని అధ్యయనం చేసిన హామిల్టన్ 1822లోనే మాగుర్ అని వేరుగా వర్ణించాడు, తర్వాతివాళ్లు రెండూ ఒకటేనని కలిపేశారు. 2008లో జావా నమూనానే బాట్రాకస్‌కి ప్రామాణికంగా నిలబెట్టారు. మనది క్లారియస్ మాగుర్.

ఇన్ని పేర్లు పాఠకుడికెందుకు అంటావేమో. ఆ మాటే అని ఒక సంపాదకుడు నా వ్యాసంలో చేపల పేర్లన్నీ కొట్టేసి 'రకరకాల చేపలు' అని అచ్చేశాడు. ఆ పేర్ల కోసం నేను తెల్లారకుండా సైకిలు తొక్కుకుంటూ రాజాం వెళ్లి, చేపలమ్మే ఆవిడ విసుక్కుంటున్నా పక్కనే కూర్చుని ఒక్కో చేపా తిప్పి చూసి రాసుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు మట్టివాసన అంటూ పేరాలు నింపే ఫ్యాషన్ వచ్చింది, ఆ మట్టిలో ఏ చేప ఉందో చూసేవాళ్లు లేరు.

నువ్వు చూడు. చేతిలోకి తీసుకో. మార్పుకి వీపు రెక్క తల వెనక మొదలై తోక దాకా సాగుతుంది, అందులో ముల్లుండదు, పక్క రెక్కల్లో ఉంటుంది, జాగ్రత్త. మీసాలు నాలుగు జతలు. జెల్లకి తోక ముందర మెత్తటి కొవ్వు రెక్క ఒకటి అదనం. వాలుగకి వీపు రెక్క బుల్లిది, మీసాలు రెండే జతలు, నోరు కళ్లు దాటి చీలి ఉంటుంది. మూడూ మూడు వేర్వేరు కుటుంబాలు. బుట్టలో మార్పు సాయంత్రం దాకా బతికే ఉందని రాశావు కదా, ఎందుకో రాయలేదు. మొప్పల పైన చెట్టుకొమ్మల్లా చీలిన అవయవం ఉంటుంది, దాంతో నేరుగా గాలి పీలుస్తుంది. క్లారియస్ కుటుంబానికి అదే గుర్తు. అంత మంచి సంగతి చేతిలో పెట్టుకుని వదిలేస్తే ఎలా?

ఇంకోటి. ఆఫ్రికా మార్పు ఉంది, క్లారియస్ గారీపైనస్, అదీ ఈ ప్రజాతిలోదే. తిండిపోతు, చిన్న చేపల్ని బతకనివ్వదు, అందుకే మన దేశంలో దాని పెంపకాన్ని నిషేధించారు. మన మార్పేమో అంతరించే ప్రమాదమున్న జాబితాకెక్కింది. మీ చెరువులో పడింది ఏదో వలేసేవాళ్ల దగ్గర నిలబడి చూసి, రెండో పేజీ తిరగరాయి. శనివారం లోపు పంపితే ఆదివారం కూర్చుని చదువుతాను.

మాస్టారు,
ఆమదాలవలస