రాజుగారి తమ్ముడు, విన్‌చెస్టర్ బిషప్

ప్రశ్న: ఇంగ్లండ్ చరిత్ర చదువుతుంటే బ్లువా హెన్రీ అనే బిషప్ తగిలాడు. చిన్నప్పుడే మఠంలో చేరిన సన్యాసి అంటారు. కోటలు కట్టించాడు, యుద్ధంలో పక్షాలు మార్చాడు అని కూడా అంటారు. ఈయన దేవుడి మనిషా, రాజకీయ నాయకుడా?

జవాబు: ముందు ఆయన పుట్టిన ఇల్లు చూడండి. తల్లి అడేలా, ఇంగ్లండ్‌ను జయించిన విలియం కూతురు. తండ్రి ఫ్రాన్స్‌లోని బ్లువా ప్రాంతపు ప్రభువు (కౌంట్). ప్రభు కుటుంబాల్లో చిన్న కొడుకుని చర్చికి ఇచ్చేయడం అప్పటి ఆనవాయితీ. అలా పసితనంలోనే ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠానికి చేరాడు. మేనమామ, ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ 1126లో గ్లాస్టన్‌బరీ మఠాన్ని, 1129లో విన్‌చెస్టర్ బిషప్ పీఠాన్ని ఇచ్చాడు. రెండూ దేశంలోకెల్లా బాగా ఆస్తులున్నవి. రెండింటినీ చనిపోయేదాకా వదల్లేదు. నాకు ఇది నచ్చదు.

1135లో మేనమామ పోగానే, విన్‌చెస్టర్‌లోని రాజ ఖజానా అన్న స్టీఫెన్ చేతికి వచ్చేలా చూసి, ఆయన్ని రాజుని చేసింది ఈ తమ్ముడే. ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవి మాత్రం ఈయనకు దక్కలేదు, వేరొకరికి పోయింది. 1139లో పోప్ తన ప్రతినిధిగా నియమించడంతో ఆ ఆర్చిబిషప్‌కే పైవాడయ్యాడు. 1141లో స్టీఫెన్ యుద్ధంలో పట్టుబడితే సింహాసనం తనదేనని పోరాడుతున్న మొదటి హెన్రీ కూతురు మటిల్డాకు స్వాగతం పలికాడు. కొన్ని నెలలకే ఆమెతో చెడి మళ్లీ అన్న వైపుకొచ్చాడు. ఆ ఆగస్టులో బిషప్ మనుషులు కోట నుంచి విసిరిన నిప్పుతో విన్‌చెస్టర్‌లో చాలా భాగం తగలబడిందని ఆ కాలపు చరిత్రకారులే రాశారు. సన్యాసినుల మఠం కూడా మిగల్లేదు. తన సొంత ఊరి జనం ఇళ్లు అవి. దీనికి నేను సాకులు వెతకను.

అయితే ఇదే మనిషి 1130లలో ఊరి బయట సెయింట్ క్రాస్ అనే ధర్మశాల కట్టించాడు. పని చేసుకోలేని 13 మంది పేదలకు అక్కడే ఉండటానికి చోటు, గోధుమ రొట్టె, కూరలు. రోజూ ఇంకో 100 మందికి భోజనం. వాళ్లు తినగా మిగిలింది ఇంటికి పట్టుకెళ్లవచ్చని కూడా ఏర్పాటులో రాయించాడు. నన్ను కట్టిపడేసింది ఈ చిన్న మాటే. ఆకలితో వచ్చినవాడికి ఇంటి దగ్గర పిల్లలు ఉంటారని ఆలోచిస్తేనే ఇది తోస్తుంది. ఆ ధర్మశాల నేటికీ నడుస్తోంది. నేను వెళ్లినప్పుడు గేటు దగ్గర అడిగితే కొమ్ముతో చేసిన కప్పులో కాస్త బీరు, చిన్న రొట్టె ముక్క ఇచ్చారు. బాటసారులకు ఇవ్వడం అక్కడి పాత ఆచారం. ఆ ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

లెక్కల్లో కూడా గట్టివాడు. గ్లాస్టన్‌బరీ పోగొట్టుకున్న భూముల్ని ఎలా తిరిగి రాబట్టాడో స్వయంగా రాసుకున్నాడు. స్టీఫెన్ చనిపోయాక, 1155లో, కొత్త రాజైన మటిల్డా కొడుకు రెండో హెన్రీ అనుమతి లేకుండానే క్లూనీకి వెళ్లిపోయాడు. ఇక్కడ రాజు ఆయన కోటలు పడగొట్టించాడు. అక్కడ ఆయన అప్పుల్లో ఉన్న మఠాన్ని ఆదుకుంటూ, దాని భూముల ఆదాయం లెక్క కట్టించే పనిలో చేయి వేశాడు. తనను పెంచిన మఠం మీద ప్రేమ అది, నటన కాదు.

1162లో థామస్ బెకెట్‌ను ఆర్చిబిషప్‌గా అభిషేకించింది ఈయన చేతులే. 1170 డిసెంబరులో బెకెట్‌ను రాజు మనుషులు కాంటర్‌బరీ చర్చిలోనే నరికి చంపారు. తర్వాతి ఆగస్టులో బిషప్ హెన్రీ మంచం పట్టి చివరి ఘడియల్లో ఉంటే రెండో హెన్రీ చూడటానికి వచ్చాడు. ముసలి బిషప్ ఆ హత్య విషయమై రాజును ముఖం మీదే మందలించాడని నాటి చరిత్రకారుడు రాశాడు. మీరు అడిగిన దేవుడి మనిషి నాకు కనిపించేది ఆ మంచం మీద, ఆ ధర్మశాల గేటు దగ్గర. 1141లో మాత్రం కనిపించడు.