కొబ్బరినీళ్లు పడుతున్నా బాబుకి విరేచనాలు ఆగడం లేదు.. సెలైన్ పెట్టించాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. బాబుకి ఏడాదిన్నర, పది కిలోల బరువు. నిన్న మధ్యాహ్నం నుంచి నాలుగు వాంతులు, ఎనిమిది నీళ్ల విరేచనాలు అయ్యాయి. ఒళ్లు కూడా వెచ్చగా ఉంది. ఏం తాగించినా కక్కేస్తున్నాడు. పాలు మాన్పించి కొబ్బరినీళ్లే పట్టమంటున్నారు మా అత్తగారు. మా ఉద్దానంలో అసలే కిడ్నీ జబ్బులు, ఓఆర్ఎస్‌లో ఉప్పు ఉంటుంది కదా, పసివాడికి పట్టొచ్చా? సెలైన్ ఎక్కిస్తే తొందరగా తగ్గుతుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ కిడ్నీ భయం వదిలేయండి. ఉద్దానంలో చూస్తున్న జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరి, ఎక్కువగా పెద్దవాళ్లలో బయటపడేది. రెండు మూడు రోజులు ఓఆర్ఎస్ తాగితే అది రాదు. ఇప్పుడు మీ బాబు కిడ్నీలకు ముప్పు ఒంట్లో నీరు తగ్గిపోవడం వల్లే. విరేచనంతో నీళ్లతో పాటు సోడియం, పొటాషియం పోతాయి. వాటిని తిరిగి ఇవ్వడమే వైద్యం.

కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం చాలా తక్కువ. విరేచనంలో ముఖ్యంగా పోయేది సోడియమే. మీ తోటలో దింపిన బొండామే అయినా ఓఆర్ఎస్ పని అది చేయలేదు. మధ్యలో రెండు గుక్కలు తాగితే తప్పు లేదు. ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్, ఉప్పు ఒక లెక్క ప్రకారం ఉంటాయి. గ్లూకోజ్ పేగు గోడలోకి వెళ్తూ సోడియాన్ని వెంటబెట్టుకు వెళ్తుంది, వాటి వెనకే నీరు వెళ్తుంది. విరేచనాలు అవుతున్నా ఈ దారి తెరిచే ఉంటుంది.

చాలా ఇళ్లలో తప్పు కలపడం దగ్గరే జరుగుతోంది. 20.5 గ్రాముల ప్యాకెట్ అయితే లీటరు నీళ్లు. చిన్న ప్యాకెట్ అయితే 200 మిల్లీలీటర్లు. ప్యాకెట్ మీద రాసే ఉంటుంది, చదవండి. గ్లాసులు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు కాబట్టి ఖాళీ లీటరు నీళ్ల సీసాతో కొలవండి. కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి వేసి కలపండి. చిటికెడు చిటికెడు గ్లాసులో వేసి ఇవ్వకండి. చిక్కనైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు, పలచనైతే పని చేయదు. పైన పంచదార గానీ పాలు గానీ కలపొద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. డబ్బాల్లో దొరికే తీపి డ్రింకుల్లో పంచదార ఎక్కువ, అవి విరేచనాలను పెంచుతాయి.

‘కక్కేస్తున్నాడు’ అన్నారు. దాహంతో గ్లాసెడు గటగటా తాగినప్పుడే ఎక్కువగా అలా జరుగుతుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజితోనో చెంచాతోనో బుగ్గ లోపలి వైపు పోయండి. నిమిషం, రెండు నిమిషాలకోసారి ఒక చెంచా. కొంచెం అనిపిస్తుంది గానీ రెండు నిమిషాలకోసారి ఇచ్చినా గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తాయి. కుదుటపడ్డాక ప్రతి నీళ్ల విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు. ఇప్పటికే దాహంతో అల్లాడుతూ, కళ్లు కాస్త గుంటపడి ఉంటే పది కిలోల బిడ్డకు నాలుగు గంటల్లో 750 మిల్లీలీటర్లు వెళ్లాలి. అది ఆసుపత్రిలో నర్సు చూస్తుండగా చేయడమే క్షేమం.

బిడ్డ తాగగలిగితే సెలైన్ అక్కర్లేదు, నోటితో ఇచ్చింది అంతే బాగా పని చేస్తుంది. తాగలేనప్పుడు, మగతగా ఉన్నప్పుడు మాత్రం సెలైనే ప్రాణం నిలబెడుతుంది.

తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దు. అత్తగారికి నెమ్మదిగా చెప్పండి, పస్తు పెడితే పేగు మానడం ఆలస్యమవుతుంది. మెత్తని పెరుగన్నం, పెసరకట్టు, ఇడ్లీ, అరటిపండు, పలచని చోడి (రాగి) జావ, ఏది ఇష్టపడితే అది కొద్దికొద్దిగా పెట్టండి. తగ్గాక రెండు వారాలు రోజూ ఒక పూట అదనంగా పెట్టండి.

జింక్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, చెంచాడు నీళ్లలో కరిగించి, పద్నాలుగు రోజులు. విరేచనాలు మూడో రోజే కట్టినా కోర్సు ఆపొద్దు. అరగంటలోపు కక్కితే మళ్లీ ఇవ్వండి. జింకూ ఓఆర్ఎస్సూ ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి, అడగండి.

జ్వరానికి పారాసెటమాల్ 150 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల ఎడంతో. సీసా మీద ‘5 మిల్లీలీటర్లలో 250’ అని ఉంటే 3 మిల్లీలీటర్లు, ‘120’ అని ఉంటే 6. ఐబుప్రొఫెన్ వద్దు, నీరు తగ్గిన ఒంట్లో అది కిడ్నీలకు భారం. విరేచనాలు కట్టేసే లోపెరమైడ్ అసలే వద్దు, పసివాళ్లలో పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బిపోతుంది. ఈ వయసులో నీళ్ల విరేచనాలు ఎక్కువగా వైరస్ వల్లే, యాంటీబయాటిక్ సిరప్ వాటి మీద పని చేయదు. వాంతులు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో, విరేచనాలు ఐదు నుంచి ఏడు రోజుల్లో తగ్గుతాయి. మీరు మాత్రం డైపర్ మార్చిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగండి, ఇలాంటి కొన్ని వైరస్‌లు శానిటైజర్‌కు సరిగా లొంగవు.

ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా, మగతగా పడి ఉన్నా, ఏదీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, వాంతి ఆకుపచ్చగా వచ్చినా ఇంట్లో ఆగొద్దు. పొట్ట మీద చర్మం గిల్లి వదిలి చూడండి. ముడత వెంటనే పోకుండా నిలిచిందంటే నీరు బాగా తగ్గినట్టే. కాళ్లు పొట్టకేసి ముడుచుకుని విడతలు విడతలుగా గుక్కపట్టి ఏడుస్తుంటే పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరి ఉండొచ్చు, అది సర్జన్ చూడాల్సిన పని. శ్రీకాకుళం మీకు వంద కిలోమీటర్ల పైమాటే కాబట్టి 108కి ఫోన్ చేసి ముందు దగ్గర్లోని సోంపేట ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. బిడ్డ తెలివిగా ఉంటే దారిలో కూడా చెంచాతో ఓఆర్ఎస్ పోస్తూనే ఉండండి. తెలివి తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి.