వసకొమ్ము ఎన్ని చుట్లు?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ నిన్న మధ్యాహ్నం చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో "అమాయకులైన జానపదుల వైద్యం" అన్న మాట దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. సాయంత్రం దాకా మళ్ళీ ముట్టుకోలేదు. అప్పుడైనా చదివాను కాబట్టి మీ మామ్మ పసిపిల్లకి పొయ్యడానికి వసకొమ్ము అరగదీసే చోటు దొరికింది. ఆముదం దీపం మీద కొమ్ము కాల్చి, సాన మీద తల్లిపాలు రెండు చుక్కలు వేసి, "ఒకటి, రెండు, మూడు, చాలు" అని చెయ్యి ఆపేస్తుందే, అక్కడ నాకు మా మేనత్త కనబడింది. ఆ నాలుగు వాక్యాల జోలికి పోకు.

ఇక ఆ మాట సంగతి. మీ మామ్మ ఎప్పుడైనా తనని జానపదురాలు అనుకుందా? మన కోనసీమలో ఎవరైనా "జానపద వైద్యం చేయించుకొచ్చాం" అనగా విన్నావా? పసరు పోయించుకున్నాం అంటారు. బాలింతకి కాయం పెట్టాం, వావిలాకు నీళ్ళు పోశాం అంటారు. జానపదం అన్నది గుమ్మం బయట నిలబడి చూసేవాళ్ళ మాట.

జనపదం అంటే జనం స్థిరపడిన దేశం. పాతకాలపు పదహారు మహాజనపదాల్లో ఒకటైన అశ్మకం మన గోదావరి ఎగువనే ఉండేది. జానపదుడంటే ఆ దేశపు మనిషి. పట్నం వాళ్ళని పౌరులు అని విడిగా చెప్పినప్పుడు పల్లె మనిషి. అమాయకుడన్న అర్థం అందులో ఎక్కడుంది? 1846లో విలియం థామ్స్ అనే ఇంగ్లీషాయన ఫోక్‌లోర్ అన్న మాట పుట్టించాడు. ఆ ఫోక్‌కి మనవాళ్ళు జానపదం అని పెట్టుకున్నారు. తర్వాత అలన్ డండిస్ అనే అమెరికా పండితుడు, ఏదో ఒక్క విషయం ఉమ్మడిగా ఉన్నా చాలు, ఆ గుంపు ఫోకే అన్నాడు. ఆ లెక్కన 2020లో అపార్ట్‌మెంట్లలో కషాయాలు కాచుకు తాగినవాళ్ళంతా జానపదులే. వాళ్ళని అమాయకులని రాస్తావా?

శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు పుస్తకంలో ఉంటే త్రికటుకం, శాస్త్రం. అవే మా మేనత్త బెల్లం, నెయ్యి వేసి ఉండ చేస్తే జానపదం! పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా.

నలభై ఏళ్ళ కిందట ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో "పసరు" కొట్టేసి "మూలికా రసం" అని వేశాడు. పైగా జానపద సొగసు తగ్గిందని, గోదావరి ముసలమ్మ నోట ఎక్కడివో యాస మాటలు చల్లాడు. "ఆయ్" అనే మనిషి చేత "ఏటి" అనిపించాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

నీ కథ చివర పాము కరిచినవాణ్ణి ఉత్తరేణి పసరుతో బతికించావు. అది తీసెయ్. 1986 ఆగస్టు వరదకి మేం లంకలోంచి వచ్చి ఏటిగట్టు మీద తలదాచుకున్నాం. నీళ్ళతో పాటు పాములూ గట్టెక్కాయి. చీకట్లో ఒక పాలేరు కుర్రాణ్ణి కట్లపాము కరిచింది. ఎవరో పసరు పోస్తానని ముందుకొచ్చారు. ఊళ్ళో సగం మందికి పసర్లు పోసిన మా మేనత్త అడ్డుపడింది. "పసరు వద్దు, పడవని పిలవండి, కాకినాడ పెద్దాసుపత్రికి పోవాలి" అని రాత్రంతా అరుస్తూనే ఉంది. పడవ తెల్లారాక వచ్చింది. అప్పటికే కుర్రాడు పోయాడు. నీటిపాము కరిచినవాడు ఎలాగూ బతుకుతాడు, పేరు మాత్రం పసరుకి వస్తుంది. విషప్పాము కరిస్తే విరుగుడు ఇంజెక్షనే దిక్కని ఆవిడకి తెలుసు. తన చేతిలో ఏముందో, ఏం లేదో తెలిసిన మనిషిని అమాయకురాలు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పోటీలకి పంపొచ్చా, పుస్తకం ఎప్పుడు వేసుకోవాలి అని అడిగావు. అవి ఇప్పుడు కాదు. ముందు మీ మామ్మ దగ్గర కూర్చో. వస ఎక్కువైతే పిల్లలకి వాంతులవుతాయి, ఇప్పటి పిల్లల డాక్టర్లు అసలు వద్దనే అంటున్నారు. ఆవిడ మూడు చుట్ల దగ్గరే ఎందుకు ఆపింది? నెలల పిల్లకి ఎన్ని, ఏడాది పిల్లకి ఎన్ని? జ్వరం ఉన్నప్పుడు పోసేదా? ఆ లెక్క ఆవిడకి ఎవరు నేర్పారు? అడిగి, ఆవిడ ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాసుకుని నాకు పంపు.