చీకటి హాలులో కూర్చోబోయే మేనకోడలికి

షికాగో,
2022 జూన్

చిరంజీవి మేనకోడలికి,

మీ మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ఈ నెల 17 నుంచి 29 దాకా ఇటలీ భయానక చిత్రాల దర్శకుడు డారియో అర్జెంటో సినిమాలు ఇరవై వేస్తున్నారని, అన్నీ చూసేయాలని ఉందని మొన్న ఫోనులో చెప్పావు. భయపడిపోతానేమో, ఎలా చూడాలి మామయ్యా అని కూడా అడిగావు. అది ఫోనులో తేలే మాట కాదు. కాగితం మీద ఉంటే రైల్లో వెళ్తూ మరోసారి చదువుకుంటావని రాస్తున్నాను.

ముందుగా, ఇరవై చూడకు. పదమూడు రోజుల్లో ఇరవై సినిమాలు చూస్తే చూసినట్టే ఉంటుంది గానీ ఏదీ మిగలదు. ఇది అనుభవం మీద చెబుతున్నాను. క్యాసెట్ల రోజుల్లో ఒక శని, ఆదివారాల్లో ఈయనవి ఆరు సినిమాలు తెచ్చుకుని తలుపులు వేసుకుని చూశాను. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్తుంటే నల్ల చేతి తొడుగులు, గొడ్డలి, వాన, పగిలిన అద్దం అన్నీ కలగాపులగమై ఏది ఏ సినిమాలోదో తెలియలేదు. పైగా ఆ ఆరింటిలో ‘ఫినామినా’ కూడా ఉంది. 1985 నాటి ఆ సినిమాను అమెరికాలో దాదాపు అరగంట కోసేసి, పేరు కూడా మార్చి విడుదల చేశారు. నాకు దొరికింది ఆ కోసిన క్యాసెట్టే. ఒక దృశ్యానికి మరో దృశ్యానికి పొంతన లేకపోతే తప్పంతా దర్శకుడిదే అనుకున్నాను. పూర్తి సినిమా పెద్ద తెర మీద చూడటానికి మరో పదిహేనేళ్లు పట్టింది. అన్నాళ్లూ ఒక మనిషిని అన్యాయంగా తక్కువ చేసి చూశానే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇలాంటి అవకాశం నీ ఇంటికి రైలు దూరంలోకి వచ్చిందంటే నాకు ఇంత ఆత్రం.

ఐదు చూడు. రోజు విడిచి రోజు చూడు. తీసిన వరసలోనే చూడు.

మొదటిది 1970లో వచ్చిన ‘ది బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్’. ఆయన తొలి సినిమా. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. తండ్రి సాల్వటోరే నిర్మాత, తల్లి ఎల్డా లుక్సార్డో ఫొటోగ్రాఫరు. అమ్మ స్టూడియోలో తారల ముఖాల మీద వెలుగును ఎలా అమరుస్తారో చూస్తూ పెరిగిన పిల్లవాడు. తర్వాత రోమ్‌లో ఒక పత్రికకు సినిమా సమీక్షలు రాశాడు. సెర్జియో లియోనే తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ కథకు మరో దర్శకుడు బెర్తోలూచీతో పాటు పని చేశాడు. రాయడం తెలిసినవాడే, కానీ మాటల మీద నమ్మకం పెట్టుకోలేదు. అది ఆ మొదటి సినిమాలోనే తెలుస్తుంది.

అందులో ఒక అమెరికన్ రచయిత రాత్రిపూట రోమ్ వీధిలో నడిచి వెళ్తుంటాడు. ఎదురుగా తెల్లటి దీపాలతో వెలిగిపోతున్న చిత్రశాల. గోడ మొత్తం అద్దం. లోపల మెట్ల మీద ఒక స్త్రీ, నల్ల కోటు వేసుకున్న మరో ఆకారం, మధ్యలో కత్తి. అతను పరుగెత్తుకుంటూ వెళ్తాడు. బయటి అద్దం తలుపు దాటేసరికి లోపలి తలుపు తెరుచుకోదు, వెనక తలుపు మూసుకుపోతుంది. రెండు అద్దాల మధ్య ఇరుక్కుపోతాడు. లోపల ఆమె నెత్తురోడుతూ నేల మీద పాకుతూ చెయ్యి చాపుతుంది. అతనికి అన్నీ కనిపిస్తున్నాయి, ఏమీ చేయలేడు. ఆ రాత్రి తర్వాత సినిమా అంతా అతన్ని పీడించేది ఒకటే. తాను చూసినదానిలో ఏదో పొసగడం లేదు, ఆ ఏదో ఏమిటో అందడం లేదు.

అమ్మాయీ, ఈయన సినిమాలకు తాళంచెవి అక్కడే ఉంది. కంటికి కనిపించినది మనసుకు ఆనకపోవడం. హంతకుడు ఎవరు అన్నది ఈయనకు ముఖ్యం కాదు. నువ్వు చూశావు, మరి ఎందుకు గమనించలేదు అన్నదే ముఖ్యం. కథలో పొంతన వెతకబోతే అడుగడుగునా చిరాకు పడతావు. అంతమంది పోలీసులున్నా ‘డీప్ రెడ్’లో పియానో వాయించే కథానాయకుడే హంతకుణ్ణి ఎందుకు వెతకాలి, ఆ అమ్మాయి ఒంటరిగా ఆ గదిలోకి ఎందుకు వెళ్లాలి అని అడగడం మొదలుపెడితే అంతే. అక్కడ వదిలేసి, కళ్లకు పని పెట్టు.

రెండోది ‘డీప్ రెడ్’. 1975. నా లెక్కలో ఈయన సినిమాలన్నిటిలోకీ ఇదే గొప్పది. ‘సస్పీరియా’ అనేవాళ్లు ఎక్కువమంది ఉంటారు, వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. మా ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడి మ్యూజియంలో ఎడ్వర్డ్ హాపర్ వేసిన బొమ్మ ముందు నిన్ను నిలబెట్టాను, గుర్తుందా? అర్ధరాత్రి వీధి మలుపులో అద్దాల హోటలు, లోపల నలుగురు మనుషులు, ఎవరి లోకంలో వాళ్లు. టురిన్ నగరంలో ఒక చౌకు పక్కన సరిగ్గా ఆ హోటలును కట్టించి ఈ సినిమాలో పెట్టారు. లోపలివాళ్లు బొమ్మలోలాగే కదలకుండా కూర్చుంటారు. దాని బయట, ఖాళీ చౌకులో, కథానాయకుడు తాగిన స్నేహితుడితో మాట్లాడుతుండగా పైన కిటికీలో హత్య జరుగుతుంది. అతను పరుగెత్తి ఆ ఇంట్లోకి వెళ్తాడు. పొడవాటి నడవ. రెండు వైపులా గోడల నిండా ముఖాల చిత్రపటాలు. ఆ నడవలో కెమెరా అతనితో పాటే నడుస్తుంది. ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పను. ఆ కొద్ది క్షణాలు రెప్ప వేయకు. దర్శకుడు నీ దగ్గర ఏదీ దాచలేదు, అంతే తెలుసుకో. టికెట్టు కొనేముందు నిడివి మాత్రం చూసుకో. రెండు గంటలు దాటిన ఇటాలియన్ ప్రతే అసలుది. పొట్టిదానిలో నాయకుడికీ ఆ విలేఖరి అమ్మాయికీ మధ్య నడిచే సరదా ముచ్చట్లు చాలావరకు ఎగిరిపోయాయి. అవి లేకపోతే సినిమాకు ఊపిరి ఆడదు.

భాష గురించి అడిగావు. ఇంగ్లీషులో చూడాలా, ఇటాలియన్‌లో చూడాలా అని. ఆ రోజుల్లో ఇటలీలో సెట్టు మీది గొంతులను సినిమాలో సాధారణంగా వాడేవారు కాదు. నటులు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేవారు, తర్వాత అంతా డబ్బింగే. కాబట్టి రెండూ డబ్బింగే, ఏదీ సెట్టు మీద పలికిన గొంతు కాదు. అరువు గొంతులతో మాట్లాడే కథానాయికలను చూస్తూ పెరిగిన మనకు అది పెద్ద ఇబ్బంది కాకూడదు. పెదవులు చూడటం మానేస్తే సరిపోతుంది.

మూడోది ‘సస్పీరియా’, 1977. దీనికి వెళ్లేటప్పుడు చెవులు సిద్ధం చేసుకుని వెళ్లు. ఒక అమెరికన్ అమ్మాయి జర్మనీలో నాట్యం నేర్చుకోవడానికి విమానం దిగుతుంది. విమానాశ్రయం లోపల మామూలు రొద. ఎదురుగా తమంతట తాము తెరుచుకునే తలుపులు. అవి తెరుచుకున్నప్పుడు గాబ్లిన్ బృందం వాయించిన సంగీతం వినిపిస్తుంది, మూసుకోగానే ఆగిపోతుంది. మళ్లీ తెరుచుకుంటే మళ్లీ. అంటే ఆ సంగీతం బయట, ఆ వానలో కాచుకుని ఉందన్నమాట. ఆ అమ్మాయి గడప దాటగానే అది ఆమెతో పాటు నిన్నూ పట్టుకుంటుంది. నాకు తెలిసి ఒక తలుపుతో ఇంత భయం పుట్టించినవాళ్లు లేరు. కంప్యూటర్‌కు ఉండే చిన్న స్పీకర్లలో ఇది సగం కూడా రాదు. అందుకే హాలుకు వెళ్లమని ఇంతగా చెబుతున్నాను.

రంగుల సంగతి కూడా ఉంది. కెమెరామన్ లుచానో టోవోలి దీపాలకు రంగు బట్టలు అడ్డుపెట్టి, నటుల ముఖాలకు బాగా దగ్గరగా జరిపేవాడు. ఆ ఎరుపు, ఆ నీలం తెర మీద పూసినట్టు కాకుండా గాలిలో నిండినట్టు ఉంటాయి. అప్పటికే మూలపడుతున్న పాత టెక్నికలర్ పద్ధతిలో ప్రింట్లు వేయించారు. మరో చిన్న సంగతి చెబుతాను, హాలులో నువ్వే చూసుకో. ఆ నాట్య పాఠశాలలో తలుపుల పిడులు ఎంత ఎత్తున ఉన్నాయో చూడు. మొదట ఈ కథను చిన్నపిల్లలతో తీద్దామనుకున్నారు. అది కుదరక పెద్దవాళ్లను పెట్టి, పిడులను పైకి జరిపారు. పెద్ద ఆడపిల్లలు అక్కడ పసిపిల్లల్లా కనిపించడానికి కారణం అదే.

నాలుగోది ‘టెనెబ్రే’, 1982. పేరుకు అర్థం చీకట్లు, సినిమా మాత్రం తెల్లటి వెలుగు. భయానికి చీకటి అక్కర్లేదని చూపించాడు. అందులో కెమెరా ఒక ఇంటి కిటికీల మీదుగా, గోడల మీదుగా, కప్పు ఎక్కి అటువైపు దిగుతుంది. రెండున్నర నిమిషాలు ఒకే పట్టున. లోపల ఉన్న ఇద్దరు అమ్మాయిలను ఎవరు చూస్తున్నారో తెలియదు. ఒక దశలో చూస్తున్నది నువ్వే అనిపిస్తుంది.

ఐదోది 1987 నాటి ‘ఒపేరా’. ఇక్కడ నిన్ను ముందే హెచ్చరించాలి. కథానాయికను కట్టేసి, ఆమె కింది రెప్పలకు ఆనుకుని సూదుల వరస అతికిస్తారు. రెప్ప వేస్తే గుచ్చుకుంటాయి. ఎదురుగా జరిగే హత్యను ఆమె చూసి తీరాలి. నువ్వు తట్టుకోగలిగితే చూడు. లేకపోతే కళ్లు మూసుకో. ఆమెకు లేని ఆ వెసులుబాటు నీకు ఉంది, వాడుకోవడానికి సిగ్గుపడకు.

ఆడవాళ్ల మీద ఇంత హింస ఎందుకు అని నువ్వు తప్పకుండా అడుగుతావు. అడగాలి. ‘టెనెబ్రే’లో ఒక స్త్రీ విలేఖరి నవలా రచయితను ఇదే నిలదీస్తుంది, అంటే ఆ ప్రశ్న అర్జెంటోకు తెలియనిది కాదు. జవాబు నాకు నచ్చేలా ఇచ్చాడా అంటే, ఇవ్వలేదనే చెబుతాను. హత్యను అందంగా తీయడం ఆయన కళ, ఆయన లోపం కూడా అక్కడే ఉంది. ఇష్టం పేరుతో దాన్ని కప్పిపుచ్చాల్సిన పని లేదు. 1996 నాటి ‘ద స్టెండాల్ సిండ్రోమ్’ను ఈసారికి వదిలెయ్. అత్యాచారం దృశ్యాలు ఉన్నాయి, అందులో నటించింది ఆయన సొంత కూతురు. నేను మధ్యలో లేచి వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు. ధైర్యం చూపించుకోవడానికి ఎవరూ సినిమా చూడనక్కర్లేదు. మనసు కుదరకపోతే నువ్వూ లేచి వచ్చెయ్.

ఐదూ చూశాక ఇంకా ఓపిక ఉంటే ‘ఇన్ఫెర్నో’కు వెళ్లు. కథ చాలావరకు న్యూయార్క్‌లోనే జరుగుతుంది. ఒక అమ్మాయి నేలమాళిగలో గుంటనిండా ఉన్న నీళ్లలో తాళాలు జారవిడుచుకుని వాటి కోసం లోపలికి దిగుతుంది. అడుగున ఒక గది మొత్తం, సామానుతో సహా మునిగి ఉంటుంది. ఆ సినిమా మాయల్లో మారియో బావా చెయ్యి ఉంది. అర్జెంటో కంటే ముందు, 1964లోనే ‘బ్లడ్ అండ్ బ్లాక్ లేస్’ తీసి ఇటలీలో ఈ దారి వేసిన పెద్దాయన. ‘ఇన్ఫెర్నో’ వచ్చిన 1980లోనే పోయాడు. వెళ్లేముందు ఆయన సినిమా ఒకటి ఇంట్లో చూసి వెళ్తే గురువు ఎవరో తెలుస్తుంది. ‘జాలో’ అన్న మాట అక్కడ పదేపదే వింటావు. ఇటాలియన్‌లో పసుపు రంగు అని అర్థం. 1929 నుంచి అక్కడ నేర పరిశోధన నవలలు పసుపు అట్టలతో వచ్చేవి, ఆ పేరే సినిమాలకూ అంటుకుంది. నేను చిన్నప్పుడు దిండు కింద దాచుకున్న డిటెక్టివ్ పాకెట్ పుస్తకాల వంటివే.

ఇక మిగతావి. 33వ వీధిలో న్యూజెర్సీ నుంచి వచ్చే పాత్ (PATH) రైలు దిగి, అక్కడికి దగ్గరలోనే 1వ నంబరు సబ్వే ఎక్కితే 66వ వీధిలో హాలు పక్కనే దిగుతావు. రాత్రి ఆటకు వెళ్తే తిరుగు రైళ్ల వేళలు ముందే చూసుకో, పొద్దుపోయాక చాలాసేపటికొకటి వస్తాయి. జూన్ అని పలచటి బట్టలతో వెళ్లకు, ఏసీ చలికి వణుకుతూ కూర్చుంటే అది సినిమా భయమో చలో తెలియదు. శాలువా పట్టుకెళ్లు. మధ్య వరసల్లో కూర్చో, మరీ ముందుకు వెళ్తే సంగీతానికి చెవులు గింగురుమంటాయి. కడుపునిండా తిని మాత్రం వెళ్లకు. ముందుగా ఇంటర్నెట్‌లో కథ చదవడం అసలే వద్దు. స్నేహితురాలిని వెంట తీసుకెళ్లు, కానీ సినిమా నడుస్తున్నప్పుడు మాట్లాడే రకమైతే ఇంట్లోనే ఉండమను.

చివరగా ఒక కోరిక. ‘డీప్ రెడ్’ చూసిన రాత్రి హాలు బయటికి రాగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, ఆ నడవలో గోడల మీద నీకు ఏమేం కనిపించాయో ఒక కాగితం మీద రాసి ఫోనులో నాకు ఫొటో పంపు. మొదటిసారి చూసినప్పుడు నేను రాసుకున్న కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. నీది వచ్చాక నాదీ పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య